వాహనాలలో విద్యుత్ పంకాలు – వైరింగు భద్రత
(బిష్టుపూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పదోన్నతులు, పింఛను – వీటిపై మనం ఎన్నో సభలలో చర్చించుకున్నాం. ఈనాడు నాకు అప్పగించిన అంశం పంకా. విన్నంతనే ఇది స్వల్ప విషయంగా తోచవచ్చు. కాని టాటానగర్ యార్డులో జ్యేష్ఠమాసపు మధ్యాహ్నం ఇనుప పెట్టెలో కూర్చొని పనిచేసిన వారెవరూ దీనిని స్వల్పమనరు. ఈ ఊరి వేసవిలో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం వింత కాదు. ఎండలో నిలిచిన పెట్టె లోపలి వేడి అంతకంటె అధికం.

రైలుపెట్టెలలో అన్ని తరగతుల వారికి పంకాలు, దీపాలు అమర్చాలన్న నిర్ణయం స్వాతంత్ర్యానంతరం, 1950ల తొలినాళ్లలో వచ్చింది. అంతవరకు మూడవ తరగతి ప్రయాణికునికి విసనకర్రే దిక్కు. ప్రయాణికునికి పంకా వచ్చింది సరే, ఆ బండినే నడిపే ఉద్యోగి గదిలోని పంకా తిరుగుతున్నదా అని అడిగేవారు మాత్రం నేటికీ తక్కువే.

జరిగేదేమిటో మీకు తెలియనిది కాదు. బ్రేకువ్యానులో గాని, తపాలా సంచులు మోసే మోటారు బండిలో గాని పంకా చెడిపోతుంది. ఉద్యోగి పుస్తకంలో వ్రాస్తాడు. వారం గడుస్తుంది, మళ్లీ వ్రాస్తాడు. చివరకు బజారులో ఒక చిన్న పంకా కొని తెచ్చి, దీపపు తీగను గోకి, రెండు తీగలు మెలిపెట్టి తగిలించుకుంటాడు. గాలి వస్తుంది. కాని ఏనాడైనా ఆ పెట్టెలో పొగ లేస్తే, విచారణలో మొట్టమొదటి ప్రశ్న: అనుమతి లేని తీగ లాగినదెవరు? వారాల తరబడి పట్టించుకోని ఫిర్యాదుల ఊసు అప్పుడు రాదు. పంకా ఇవ్వనివాడు సాక్షిగా కూర్చుంటాడు, చెమటోడ్చినవాడు ముద్దాయిగా నిలబడతాడు.

కనుక తీగ సంగతి మనకు తెలిసి ఉండాలి.

ఇంటి విద్యుత్తు వేరు, బండిలోని విద్యుత్తు వేరు. ఇంటిలోనిది క్షణానికి నూరుసార్లు సున్నాకు చేరే ప్రవాహం. స్విచ్చి తెరచినపుడు లేచే నిప్పురవ్వ ఆ సున్నా వద్ద ఆరిపోతుంది. బ్యాటరీ నుండి వచ్చేది ఏకముఖ ప్రవాహం. దానికి సున్నా లేదు, రవ్వ సాగుతుంది, మొనలను కాలుస్తుంది. ఇంటికని కొన్న స్విచ్చిని పెట్టెలోని 110 వోల్టుల పంకాకు బిగించరాదనడానికి కారణం ఇదే.

రెండవది తీగ లావు. 60 వాట్ల పంకా 110 వోల్టుల వద్ద సుమారు అర ఆంపియరు తీసుకుంటుంది. అంతే శక్తిగల పంకా 12 వోల్టుల మోటారు బండిలో 5 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది. ప్రవాహం తొమ్మిది రెట్లయితే అదే తీగలో వేడి ఎనభై రెట్లు దాటుతుంది. వోల్టులు తక్కువ కనుక భయం లేదనుకునే వారున్నారు. ముట్టుకుంటే షాకు తగలదు, నిజమే. కాని కాలేది మన వేలు కాదు, తీగ.

అన్నిటికన్న ముఖ్యమైనది మూడవది. దీనిని రైల్వేవారు తపాలావారికి, తపాలావారు రైల్వేవారికి చెప్పుకోవలసి ఉన్నది. మోటారు బండిలో బాడీయే రెండవ తీగ. బ్యాటరీ నెగటివు ఇనుముకు కలిపి ఉంటుంది. పంకాకు ఒక్క తీగ లాగి, రెండవ కొన బాడీకి బిగించడం అక్కడ వాడుక. రైలుపెట్టెలోని 110 వోల్టుల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ రెండు తీగలూ బాడీకి తగలకుండా విడిగా ఉంచుతారు. మోటారు పనికి అలవాటుపడిన చేయి రైలుపెట్టెలోనూ ఒక కొన బాడీకి బిగించిందనుకోండి. పంకా తిరగదు, ఫ్యూజు పోదు, ఏమీ జరగదు. ప్రమాదం ఆ నిశ్శబ్దంలోనే ఉన్నది. ఒక ధ్రువం ఇనుముకు కలిసిపోయి కూర్చున్నది. మరుసటి నెలలో వేరొక చోట, రెండవ ధ్రువపు తీగ రేకు అంచున ఒరసుకొని తోలు ఊడిందా, ఆ క్షణాన మొత్తం పెట్టె బాడీ గుండా బ్యాటరీ బలమంతా పరుగెత్తుతుంది.

అగ్ని వేగం గురించి వేరే చెప్పనక్కరలేదు. 2012 జూలై 30 తెల్లవారుజామున నెల్లూరు వద్ద తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 పెట్టె దగ్ధమై ముప్పైమందికి పైగా మరణించారు. షార్ట్ సర్క్యూట్ అన్న అనుమానం ఆనాడే వినవచ్చింది. 2025 డిసెంబరు 29న, మన టాటానగర్ నుండి బయలుదేరిన ఎర్నాకుళం ఎక్స్‌ప్రెస్‌లో ఎలమంచిలి వద్ద రెండు ఏసీ పెట్టెలు కాలి, ఒక ప్రయాణికుడు ప్రాణాలు కోల్పోయాడు. ఈ రెండూ పంకా వలన జరిగాయని నేను అనడం లేదు. నిద్రించేవారున్న పెట్టెలో నిప్పు పుడితే ఏమవుతుందో చెబుతున్నాను.

ఇక ఫ్యూజు. ఫ్యూజు పంకాను కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. అందువలన అది బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. పంకా పక్కన పెడితే, మధ్యనున్న తీగ పొడవంతా రక్షణ లేనిదే. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదంటే రెక్కలు పట్టేసి ఉండవచ్చు, బేరింగు అరిగి ఉండవచ్చు. తిరగలేని మోటారు మామూలుకంటె ఎన్నో రెట్లు ప్రవాహం లాగుతుంది. అప్పుడు రాగితీగ ముక్క చుట్టి పని గడుపుకోవడమంటే, జ్వరం చూపే థర్మామీటరును విరగగొట్టి జ్వరం తగ్గిందనుకోవడమే. తీగ రేకులోని రంధ్రం గుండా పోయేచోట రబ్బరు కట్టు ఉండాలి. బండి కుదుపుకు మెలిపెట్టిన అతుకు నిలవదు. అదిమి బిగించిన లగ్గు ఉండాలి, తీగకు ప్రతి మూరకూ ఆధారం ఉండాలి.

మన వైఖరి ఇది. ఉద్యోగి తనంతట తానుగా తీగ లాగరాదు. అందుకు బదులుగా, పంకా చెడిన రోజే పెట్టె సంఖ్య, తేదీ, వేళ వ్రాసి, సంతకంతో నకలు తీసుకొని, ఒక ప్రతి శాఖా కార్యదర్శికి అందజేయవలెను. మూడు ప్రతులు చేరిన పెట్టె విషయాన్ని శాఖ స్వయంగా అధికారుల ముందుంచుతుంది. విచారణ వచ్చిననాడు ఆ కాగితమే ఉద్యోగి పక్షాన మాట్లాడుతుంది.

బల్లపై రెండు దీపాల పరీక్షాపరికరం ఉన్నది. వరుసగా కలిపిన రెండు దీపాలలో ఒకదాని కొన పాజిటివుకు, రెండవదాని కొన నెగటివుకు, నడిమి తీగ బాడీకి. రెండూ సమానంగా, మసకగా వెలిగితే పెట్టె క్షేమం. ఒకటి ఆరి రెండవది ప్రకాశంగా వెలిగితే, ఆరిన దీపం వైపు ధ్రువం బాడీకి తగిలి ఉన్నది. ట్రెయిన్ లైటింగు విభాగపు సోదరులు ఇప్పుడు దీనిని చేసి చూపుతారు. తపాలా మోటారు బండ్ల డ్రైవర్లు ముందు వరుసకు రావలసిందిగా కోరుతున్నాను.