నీళ్ళకు దారి దొరికితే



మన ఇళ్ళలో పరిచినవి నాపరాళ్ళే కదా. వాటి మీద నిమ్మరసం చుక్క పడితే ఏమవుతుంది? తెల్లగా మచ్చ పడుతుంది. ఎంత కడిగినా పోదు. ఎందుకంటే నాపరాయి కూడా సున్నపురాయే. పులుపు తగిలితే కరుగుతుంది. దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు వస్తాయి.

కాసేపటికి బుడగలు ఆగిపోతాయి. రాయి అయిపోయిందా? లేదు. చుక్కలోని పులుపు అయిపోయింది. తుడిచి కొత్త చుక్క వేయండి. మళ్ళీ బుడగలు వస్తాయి.

వాన నీరు కూడా ఇదే పని చేస్తుంది. కాకపోతే చాలా నిదానంగా చేస్తుంది. గాలిలోనూ మట్టిలోనూ కార్బన్ డయాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. అది కలిస్తే నీటికి కొంచెం పులుపు గుణం వస్తుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి దిగుతుంది. మెల్లగా పారితే పులుపంతా పగులు మొదట్లోనే ఖర్చయిపోతుంది. జోరుగా పారితే లోపలిదాకా పోయి రాయిని కరిగిస్తుంది. పగులు వెడల్పవుతుంది. వెడల్పయిన దారిలోకి ఇంకా ఎక్కువ నీరు వస్తుంది. ఆ దారి ఇంకా పెద్దదవుతుంది. పక్కనున్న సన్న పగుళ్ళు సన్నగానే ఉండిపోతాయి.

నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు చూశారా? వాటి పొడవు 3,229 మీటర్లు. ఎంతో కాలం నేల కింద పారిన నీరే సున్నపురాయిని కరిగించి ఆ దారులు చేసింది.

ఇదంతా మనకెందుకు అంటారా? మన బావిలోకి నీళ్ళు వచ్చేది ఇలాంటి దారుల్లోనే. మట్టి, ఇసుక నీటిని వడగడతాయి. పెద్ద పగుళ్ళు వడగట్టవు. గొట్టంలో పారినట్టు పారిస్తాయి.

పోయిన ఏడు వాన పడిన మర్నాడే మా వీధి బావి నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ వారమే మా చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బావికి ఎగువన పెంటదిబ్బ ఉంది. "అంత దూరంలో ఉంది, ఏం కాదులే" అనుకున్నాం. నీళ్ళకు దారి దొరికితే దూరం ఒక లెక్కా?

అందుకని నేను అడిగేది ఇంతే. బావికి ఎగువన పెంటదిబ్బ వేయొద్దు. మరుగుదొడ్డి గుంత తవ్వొద్దు. నేల కుంగిన గుంతల్లో చెత్త, చచ్చిన పశువులు పడేయొద్దు. బావిలో బ్లీచింగ్ పౌడరు వేయించుకుందాం. తాగే నీళ్ళు కాచి చల్లార్చుకుందాం. నీళ్ళు తేటగా ఉన్నాయని మోసపోవద్దు.

మా వీధివాళ్ళం ఆ దిబ్బను బావికి దిగువకు మార్చాం. ఎనిమిది బండ్లు తోలాం. మీ బావికి ఎగువన ఏముందో రేపు పొద్దున ఒకసారి నడిచి చూడండి.