దాచుకున్న చేతులు



మా తెలుగు మాస్టారి పేరు మీద ఉపన్యాసం చెయ్యాలని కబురు వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చినవి ఆయన చేతులు. గోళ్ళ సందుల్లో సుద్దపొడి, కలం ఆనే చోట మధ్యవేలి మీద కాయ. ఆయన మాకు చెప్పింది తెలుగు పాఠాలే. అయినా తత్త్వశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని చదివేవారు, చదివినది సాయంత్రం వరండాలో మాకు చెప్పేవారు. అందుకే ఇవాళ ఒక తత్త్వవేత్త గురించి మాట్లాడదామనుకున్నాను. ఆయన పేరు గుంతర్ అండర్స్. మీలో చాలామంది విని ఉండరు. ఆయన రాసింది జర్మన్‌లో. ప్రధాన గ్రంథం దశాబ్దాల పాటు పూర్తిగా ఇంగ్లీషులోకి రాలేదు. మనకు యూరప్ ఆలోచన ఇంగ్లీషు గుమ్మం దాటుకునే వస్తుంది కనుక ఆయన బయటే ఉండిపోయాడు. తెలిసినవాళ్ళు కూడా రాజకీయ చింతకురాలు హన్నా అరెంట్ మొదటి భర్తగానే ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. ఇది అన్యాయమని నా బాధ.

1942 మార్చి 11 నాటి డైరీలో అండర్స్ ఒక సంగతి రాసుకున్నాడు. అప్పటికి ఆయన అమెరికాలో శరణార్థి. ఒక మిత్రుడితో కలిసి కొత్త యంత్రాల ప్రదర్శనకు వెళ్ళాడు. ఆ మిత్రుణ్ణి ‘టి’ అన్న ఒక్క అక్షరంతోనే పేర్కొన్నాడు. అందరూ యంత్రాలను చూస్తుంటే అండర్స్ మాత్రం టి ముఖం చూస్తున్నాడు. యంత్రం ఎంత జటిలంగా ఉంటే టి అంతగా కళ్ళు దించుకుంటున్నాడు. మాట ఆగిపోయింది. ఆఖరికి రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. అంత నున్నగా, గురి తప్పకుండా పనిచేసే వాటి ముందుకు ఈ మొరటు వేళ్ళను తీసుకొచ్చానే అని సిగ్గుపడినట్టు. దొంగతనం చేసినవాడు, మాసిన బట్టలతో పెళ్ళికి వెళ్ళినవాడు సిగ్గుపడడం మనకు తెలుసు. ఇది ఆ సిగ్గు కాదు. తాను ఒక తల్లికి పుట్టాడు, యంత్రంలా తయారు కాలేదు, అందుకు సిగ్గు. అండర్స్ దీనికి ప్రొమీథియస్ సిగ్గు అని పేరు పెట్టాడు. దేవతల దగ్గర నిప్పు దొంగిలించి మనిషికిచ్చిన గ్రీకు పురాణ పాత్ర ప్రొమీథియస్. ఆ నిప్పుతో తాను చేసిన వస్తువు ముందే మనిషి తల వంచుకుంటున్నాడన్నమాట. 1956లో వచ్చిన ఆయన మహాగ్రంథం తొలి సంపుటంలో మొదటి వ్యాసం ఈ డైరీ పుటతోనే మొదలవుతుంది. మనిషికి కాలం చెల్లిపోవడం అన్నది ఆ పుస్తకం పేరుకు దగ్గరి అర్థం. రెండో సంపుటం 1980లో వచ్చింది.

ఆయన జీవితం క్లుప్తంగా చెబుతాను. 1902లో బ్రెస్లావ్‌లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్‌లోని వ్రొత్స్వావ్. తండ్రి విలియం స్టెర్న్ మనస్తత్వ శాస్త్రవేత్త. మనం ఐక్యూ అంటున్న లెక్క ఆయన ఆలోచనే. కొడుకు తత్త్వవేత్త హుస్సెర్ల్ దగ్గర పరిశోధన చేసి 1924లో డాక్టరేట్ తీసుకున్నాడు. బెర్లిన్‌లో పత్రికకు రాస్తుంటే, స్టెర్న్ పేరుతో వ్యాసాలు మరీ ఎక్కువైపోతున్నాయి, వేరే పేరు పెట్టుకోమన్నాడట సంపాదకుడు. జర్మన్‌లో ‘అండర్స్’ అంటే ‘వేరేగా’ అనే. అదే పేరైపోయింది. 1933లో హిట్లర్ రాగానే పారిస్‌కు, 1936లో అమెరికాకు. అక్కడ ఈ తత్త్వవేత్త ఫ్యాక్టరీల్లో కూలిపని చేశాడు, హాలీవుడ్‌లో సినిమా వేషాల బట్టలు అద్దెకిచ్చే చోట వాటిని శుభ్రం చేశాడు. యంత్రం పక్కన నిలబడి పనిచేసిన అనుభవం లేకపోతే ఆ సిగ్గు ఆయన కంట పడేది కాదని నా నమ్మకం. 1950లో వియన్నా చేరి, విశ్వవిద్యాలయ ఉద్యోగం లేకుండా రాసుకుంటూ బతికి, 1992లో అక్కడే కన్నుమూశాడు.

ఆ డైరీ పుట చదివిన కొన్నాళ్ళకు మా ఊళ్ళో చౌకధరల దుకాణం దగ్గర ఒక పెద్దావిడను చూశాను. కోటా బియ్యానికి వచ్చింది. మిషన్ మీద బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర లైటే. చూపుడువేలు పెట్టింది, ఎడమచెయ్యి పెట్టింది. ఏలిముద్ర పడట్లేదు పెద్దమ్మా, రేపు రా, అన్నాడు డీలరు. నలభై ఏళ్ళు నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసిన వేళ్ళు. గీతలన్నీ పొలంలోనే అరిగిపోయాయి. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. “నా యేళ్ళే బాగాలేవు నాయనా” అంటూ ఆ చేతిని కొంగులో చుట్టుకుని పక్కకు జరిగింది. పండించిన చెయ్యి బియ్యం ముందు తలవంచింది. నాకు టి గుర్తొచ్చాడు. ఆ మిషన్ రాకముందు దొంగకార్డులతో బియ్యం పక్కదారి పట్టిందని నాకూ తెలుసు, అది కొంత అరికట్టిందనీ తెలుసు. నా మనసులో గుచ్చుకున్నది మరోటి. తప్పు మిషన్‌దని ఆ పెద్దావిడకు అనిపించకపోవడం. “నా చేతిలో ఏముందండీ” అన్నాడు డీలరు నాతో. అతనన్నదీ నిజమే.

అండర్స్ అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఎవరి చేతిలోనూ లేకపోతే ఆ పని చేసిందెవరు?

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడింది. ఆ ఏడాది ముగిసేసరికి సుమారు 1,40,000 మంది చనిపోయారు. అండర్స్ 1958లో ఆ ఊరు వెళ్ళాడు. బతికి బయటపడ్డవాళ్ళు ఆ రోజు గురించి చెబుతుంటే, ఏదో భూకంపమో ఉప్పెనో వచ్చినట్టే చెబుతున్నారు, చేసినవాడి ఊసే లేదు. ఆయన్ని అది నిలువునా కలిచివేసింది. అక్కడ ఒక వంతెన మీద తంత్రీవాద్యం మీటుతూ పాడుతున్న మనిషిని చూశాడు. ముఖం ఉండాల్సిన చోట తెర, చెయ్యి ఉండాల్సిన చోట ఉక్కు కొక్కెం. ఆ ప్రయాణం గురించి రాసిన పుస్తకానికి ‘వంతెన మీది మనిషి’ అనే పేరు పెట్టాడు.

మనం చెయ్యగలిగినదానికీ ఊహించగలిగినదానికీ మధ్య అగాధం ఏర్పడిందంటాడు అండర్స్. ఒక్క మనిషి చావుకు ఏడవగలం, పదిమంది చావును తలుచుకోగలం, లక్షమంది అనేసరికి లోపల ఏమీ కదలదు. పూర్వం ఊహ ముందు నడిచేది, చెయ్యి వెనక పడేది. ఇప్పుడు చెయ్యి ఎక్కడికో వెళ్ళిపోయింది, మనసు అందుకోలేక చతికిలపడింది. అందుకే మన దుర్మార్గం కంటే మన ఊహాలేమికి ఆయన ఎక్కువ భయపడ్డాడు.

క్లాడ్ ఈథర్లీ అని ఒక అమెరికన్ పైలట్. బాంబు వేసింది ఆయన కాదు. ముందుగా వెళ్ళి హిరోషిమా మీద ఆకాశం ఎలా ఉందో చూసి కబురు పంపిన వాతావరణ విమానం ఆయనది. చేసిందల్లా అంతే. యుద్ధం అయ్యాక చిన్న చిన్న నేరాలు చేశాడు, ఆత్మహత్యకు ప్రయత్నించాడు, టెక్సస్‌లోని వేకోలో మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. 1959లో అండర్స్ ఆయనకు ఉత్తరం రాశాడు. మీరు కుంగిపోవడం పిచ్చి కాదు, మీ అంతరాత్మ బతికే ఉందనడానికి సాక్ష్యం అన్న ధోరణిలో సాగుతాయి ఆ లేఖలు. 1961లో అవి పుస్తకమయ్యాయి. ఆ ఏడే అమెరికా నాయకుడు కెనడీకి రాసిన లేఖలో ఈథర్లీని నాజీ అధికారి ఐక్‌మన్ పక్కన నిలబెట్టి చూపించాడు. లక్షల మందిని చావుకు తరలించినవాడు నేను యంత్రంలో పళ్ళచక్రాన్ని అంటాడు. నిజంగానే పళ్ళచక్రం మాత్రమే అయినవాడు ఆ సాకు వాడుకోనంటాడు. ఈథర్లీ కథలో అతిశయాలున్నాయని తరవాత కొందరు రాశారు. ఉండొచ్చు. అయినా ఆ పోలిక నిలుస్తుంది.

అండర్స్‌లో నాకు నచ్చనిదీ ఉంది. రేడియో, టీవీలను ఆయన మరీ దుయ్యబట్టాడు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని వాటిని చూసేవాడు మందలో మనిషిగా తనను తానే తయారుచేసుకుంటున్నాడు, పైగా ఆ పనికి జీతం పుచ్చుకోకపోగా ఎదురు డబ్బు కడుతున్నాడు అన్నాడు. ఫోనులో రీల్స్ తోసుకుంటూ కూర్చున్నవాడిని చూస్తే ఈ మాట ఇవాళే రాసినట్టుంటుంది. కానీ ఆకాశవాణిలో రైతుల కార్యక్రమం విని వరికి దోమపోటు వస్తే ఏం చెయ్యాలో నేర్చుకున్న మా నాన్నకు ఇది వర్తించదు. చిన్నదాన్ని పెద్దదిగా చూపిస్తే తప్ప కళ్ళకు ఆనదు గనుక కావాలనే అతిశయోక్తి వాడతానని అండర్స్ ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును గుర్తుపెట్టుకునే ఆయన్ని చదవాలి.

మన దగ్గర టి పడ్డ మొదటి సిగ్గు పుష్కలంగా ఉంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న పిల్లలు “నన్ను నేను అప్‌డేట్ చేసుకోవాలి సార్” అంటారు, తామే ఒక పాత ఫోనైనట్టు. చేసినదానికి ఈథర్లీ పడ్డ రెండో సిగ్గు మాత్రం కరువైంది. ఆ పెద్దావిడను మర్నాడు రమ్మన్నప్పుడు సిగ్గుపడాల్సింది ఎవరో నాకు ఇప్పటికీ చెప్పడం చేతకాదు. నాకూ అందులో వాటా ఉంది. వరసలో నా వంతు రాగానే బియ్యం తీసుకుని వచ్చేశాను.

పోయిన ఏడాది మా తరగతిలో ‘మా ఊరి చెరువు’ మీద వ్యాసం రాయమన్నాను. ఒక కుర్రాడు చక్కగా అచ్చు తీసిన కాగితం ఇచ్చాడు. కృత్రిమ మేధ రాసింది. భాషలో వంక పెట్టడానికి లేదు. నువ్వు రాయలేదా అంటే, రాశాను సార్, దానంత బాగా లేదు, అన్నాడు. నోటుపుస్తకం వీపు వెనక పట్టుకుని ఉన్నాడు. అడిగి తీసుకున్నాను. వంకర అక్షరాలు, తప్పులు. ఒక వాక్యాన్ని గట్టిగా కొట్టేశాడు. అయినా చదవగలిగాను. చెరువు నిండి పొర్లిన ఏడాది నీళ్ళు ఎందాకా వచ్చాయో వాళ్ళ తాత తూము పక్క రాతి మీద ఉలితో గీత గీశాడట. ఇదెందుకు కొట్టేశావంటే, దాంట్లో ఇది లేదు సార్, అన్నాడు.

ఆ రాయి ఇంకా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఆదివారం ఇద్దరం వెళ్ళాం. నాచు గోకి, వేలితో తడిమి, గీత చూపించాడు.