తలరాత - చేతిరాత
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్సు నాటకకర్త సోఫోక్లిస్ రచించిన 'ఈడిపస్ రాజు' విషాద నాటకం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతాడని ఈడిపస్‌కు దైవవాణి ముందే చెప్పింది. అది తలరాత. మూడు దారులు కలిసే చోట, రథం మీది వృద్ధుడు తనను కొట్టగా కోపంతో అతణ్ణి చంపాడు. అది స్వభావం. ఆ వృద్ధుడే తండ్రి లాయస్ అని అతనికి తెలియదు.

నాటకం మొదలయ్యేసరికి ఇదంతా జరిగిపోయింది. ఈడిపస్ ఇప్పుడు థీబ్స్ రాజు. నగరాన్ని మహమ్మారి పీడిస్తోంది. లాయస్ హంతకుణ్ణి వెలివేస్తేనో, చంపితేనో అది పోతుందని డెల్ఫీ నుంచి కబురు వచ్చింది. ఈడిపస్ విచారణకు ఆదేశించాడు. అది క్రమంగా తనవైపే తిరిగింది. ఇక ఆపమని రాణి జొకాస్టా ప్రాధేయపడింది. నిజం తెలిసిన ముసలి కాపరి నోరు విప్పనన్నాడు. అక్కడితో ముగించే అధికారం రాజుకు ఉంది. అయినా ముగించలేదు. నిజం తేలింది. రాణి ఉరిపోసుకుంది. ఈడిపస్ తన కళ్లు తానే పొడుచుకుని, తనను వెలివేయమని కోరాడు.

తన పుట్టుక రహస్యం తవ్వి తీయమని ఏ దైవవాణీ అతణ్ణి నిర్బంధించలేదు. ఆ నిర్ణయం పూర్తిగా అతనిదే.

మిత్రులారా, మనం ఫైళ్ల మధ్య బతికినవాళ్లం. విచారణ తనమీదికి మళ్లగానే ఫైలు మూలపడేయడం ఎంత తేలికో ఎరుగుదుం. జరిగినదంతా కర్మ అని సరిపెట్టుకునే ముందు, అందులో తలరాత ఎంత, మన చేతిరాత ఎంత అని ఆలోచించవలసిందిగా మనవి.