పట్టేసిన మెడను విరిపించకండి

స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లలకు అభినందనలు.

బ్యాంకులో గుమస్తాగా ఉన్నప్పుడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని లెడ్జరు రాసేవాణ్ణి. సాయంత్రానికి ఒకవైపు మెడ పట్టేసేది. ఇప్పుడు ఒక పక్కకు ఒరిగి సెల్‌ఫోను చూసే పిల్లలకూ అదే నొప్పి వస్తోంది.

మెడ పై పూసల నుండి భుజపు రెక్క పైమూల దాకా ఒక కండరం ఉంటుంది. చాలాసార్లు బిగుసుకునేది అదే. ఫిజియోథెరపిస్టు నాకు నొప్పి ఉన్నచోట బొటనవేలితో మెల్లగా అదిమి, బిగువు సడలేదాకా అలాగే ఉంచారు. ఇంట్లో చేసుకోవడానికి ఒక పద్ధతి కూడా నేర్పారు. ముందు వేడినీళ్ళ కాపడం పెట్టాలి. కుడివైపు నొప్పయితే ముఖం ఎడమకు తిప్పి, ఎడమ చంక వైపు చూస్తూ తల వంచాలి. 20 సెకన్లు ఉంచి వదలాలి. మూడుసార్లు చాలు. లాగినట్టు ఉండాలి గాని నొప్పి పెరగకూడదు.

సెలూన్‌లో మాత్రం టక్కుమని మెడ విరిపించుకోకండి. మెదడుకు వెళ్ళే రక్తనాళాలు రెండు ఆ పూసల రంధ్రాల గుండానే పోతాయి. హఠాత్తుగా తిప్పితే, అరుదుగానైనా, వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు.

దెబ్బ తగిలినా, చెయ్యి తిమ్మిరెక్కినా, జ్వరమో తీవ్రమైన తలనొప్పో ఉన్నా, తల తిరిగినా మర్దన మాని వెంటనే డాక్టరుకు చూపించండి.

పెద్దలకు ఒక మనవి. పరీక్షల రోజుల్లో అరగంటకోసారి పిల్లల్ని లేపి నాలుగడుగులు నడిపించండి.