గణిత పరీక్షలో సమన్యాయము



పావులూరి మల్లన గణితమును సైతము పద్యములలో చెప్పిన భాష మనది. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నేను, ఈ రజతోత్సవ సభలో పిల్లల గణిత పరీక్షను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ధాన్యము కొలుచుటకు ఇంటికొక కుంచమున్న ఊరిలో తగవులు తప్పవు. పదవ తరగతి పరీక్షయు ఒక కొలతయే. ప్రశ్నపత్రము ఒక్కటైనంత మాత్రమున న్యాయము సిద్ధింపదు. దిద్దు చేతులు అనేకములు. పద్ధతి సరిగా నడపి చివరి కూడికలో తప్పిన బాలునకు ఒకరు కొన్ని మార్కులిచ్చి, వేరొకరు సున్న చుట్టినచో, అవి రెండు కుంచములే గదా! అందుచేతనే ఏ మెట్టునకు ఎన్ని మార్కులో ముందుగా నిర్ణయింతురు.

2018 మార్చి 28న కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పదవ తరగతి గణిత పరీక్ష జరిపెను. ప్రశ్నలు ముందే బయటపడినవను వార్తపై మరల పరీక్ష పెట్టుదుమని ప్రకటించి, ఏప్రిల్ 3న ఆ యోచన మానుకొనెను. పెట్టినచో నిర్దోషులకు శిక్ష. పెట్టకున్న దోషులకు లాభము. కట్ట తెగిన పిమ్మట ధర్మము తేల్చుట ఎంత కష్టమో చూడుడు!

కావున ప్రశ్నలు ముందుగా ఎవ్వరికిని తెలియరాదు. కొలత మాత్రము అందరికిని తెలియవలెను. ఆ మండలి నమూనా ప్రశ్నపత్రములను మార్కుల విభజనతో సహా ప్రకటించుచున్నది. పట్టణపు బాలునకు వానిని ట్యూషను మాస్టారు చూపును. కూలి చేసి బ్రదుకు ఇంటి బిడ్డకు ఎవరు చూపుదురు? ఈ గ్రంథాలయమే చూపవలెను. మన పిల్లలు వ్రాయు పరీక్షల పాత ప్రశ్నపత్రములకు, దొరికినంతవరకు మార్కుల విభజనలకు, భారత భాగవతముల ప్రక్కనే ఒక అర కేటాయింపవలెనని కార్యవర్గమును ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.