రొయ్యల చెరువు గట్టున ప్యానెల్ బోర్డు

ఇందుకూరుపేట నుంచి మైపాడు వైపు వెళ్తే, రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్లకు కరెంటిచ్చే ప్యానెల్ పెట్టెలు కనిపిస్తాయి. రాత్రిపూట ఏరియేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారేసరికి పంటే పోవచ్చు.

ఉప్పుగాలికి ఈ పెట్టెలు తుప్పు పడతాయన్న సంగతి అందరికీ తెలిసిందే. చెరువు దగ్గరి వాయువులనే ఎవరూ లెక్కచేయరు. మిగిలిపోయిన మేత అడుగున కుళ్లి నల్లబురదవుతుంది. అందులోంచి కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది రాగినీ వెండినీ నల్లబరుస్తుంది. ప్యానెల్‌లోని టైమర్ బోర్డు మీది సన్నని రాగి గీతలకు ఆ మాత్రం చాలు.

ఇక బ్లీచింగ్ పౌడర్. బస్తాలు తెచ్చి సరిగ్గా ప్యానెల్ కిందే పేరుస్తారు! వాటి క్లోరిన్‌కు తేమ తోడైతే ఇనుమూ రాగీ రెండూ తుప్పే. బస్తాలు వేరే షెడ్డుకు మార్చడానికి పైసా ఖర్చు లేదు.

పెట్టె ఇనుపది కాకుండా ఫైబర్‌ది, ఐపీ 65 రకం తీసుకోండి. అది దుమ్మునూ నీటినీ ఆపుతుంది. వాయువును పూర్తిగా ఆపదు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతూ పెట్టె బయటి గాలి పీలుస్తూనే ఉంటుంది. అందుకే కేబుళ్లు కిందినుంచి గ్లాండ్లతో రావాలి, వాడని రంధ్రాలు మూసేయాలి, సర్క్యూట్ బోర్డుకు రక్షణ పూత ఉండాలి.

పెద్ద ఫ్యాక్టరీల కంట్రోల్ రూముల్లో రాగి రేకును నెలపాటు ఉంచి పరీక్షిస్తారు. దానిపై తుప్పు పొర 300 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే గాలి మంచిదన్నట్టు. మీరూ తోమిన రాగి ముక్కను పెట్టె బయట, వాన తగలని చోట వేలాడదీయండి. త్వరగా నల్లబడితే ప్యానెల్‌ను చెరువు బురద పోయే కాలువకు దూరంగా జరపండి, మెయిన్ ఆపేశాకే సుమా.