పిల్లల గదిలో బొమ్మలకు చోటు

(కడోదరా ప్రాంతపు తెలుగు ఉద్యోగుల కుటుంబముల సభలో చదివిన ప్రసంగ పాఠము)



పద్యపఠనము, నాటక ప్రదర్శనము జరుగు వేదికపై పిల్లల బొమ్మలను ఎచ్చట సర్దవలెనను ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. పగలెల్ల ఫైళ్ళతో విసిగి ఇల్లు చేరిన గృహస్థుడు, దీపము వేయక మునుపే గదిలో కాలు మోపి, చక్రమూడిన ప్లాస్టిక్ బండిపై అరికాలు పెట్టినప్పుడు మాత్రము ఈ విషయము అల్పమని అతనికి తోచదు. అటుపిమ్మట ఆ యింట జరుగు సంభాషణలో ఇల్లాలి వంతు ఎంత, పిల్లల వంతు ఎంత అన్నది సభవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

కడోదరా సూరత్ జిల్లాలో పల్సాణా తాలూకాలోనిది. ముంబైనుండి ఢిల్లీకి పోవు 48వ నంబరు జాతీయ రహదారియు, సూరత్ నుండి బార్డోలీ మీదుగ తూర్పునకు సాగు రహదారియు ఇచ్చటనే ఒకదాని నొకటి దాటును. చుట్టును బట్టల మిల్లులు, అద్దకపు కర్మాగారములు; రేయింబవళ్ళు లారీల రొద. సూరత్ నేలకు తెలుగు మాట కొత్త కాదు. మగ్గములను నమ్ముకొని తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు లింబాయత్ వైపున స్థిరపడి యున్నవి. ప్రభుత్వోద్యోగి సంగతి వేరు. అతడు ఉత్తరువు పట్టుకొని వచ్చును, మరియొక ఉత్తరువు రాగానే పోవును. అద్దె యింటి గోడకు మేకు కొట్టవలెనన్నను యజమాని అనుమతి కావలెను. కొన్న ప్రతి వస్తువును రేపు లారీ కెక్కించవలసినదే గదా యను చింత వెన్నంటి యుండును. పిల్లల గది ముచ్చట ఈ చింతతోనే మొదలు పెట్టవలెను.

ఉదాహరణకు ఇట్టి యింటి నొకదానిని ఊహించుకొనవచ్చును. పిల్లలకు కేటాయించిన గది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు; అనగా ఎనుబది చదరపు అడుగులు. తొమ్మిదేండ్ల అమ్మాయి, రెండున్నరేండ్ల అబ్బాయి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల రెండు మంచములు వేసినచో ముప్పదియారు చదరపు అడుగులు పోయెను. తలుపు తెరచుట కొక ఆరు. బట్టల బీరువా, చదువుకొను బల్ల కలిసి మరి పది. మిగిలినది ఇరువదియెనిమిది అడుగులు. వేసవిలో అమ్మమ్మ వచ్చినచో ఆమె చాప పరచుకొనవలసినదియు అందులోనే. బొమ్మలకు చోటేదని తల్లి అడిగిన ప్రశ్నకు ఈ లెక్కలో జవాబు లేదు. నేలమీద లేదన్నమాటే గాని, గోడకు లేదని కాదు. మంచము క్రింద లేదనియు కాదు.

పాత తెలుగిండ్లలో గోడకు గూడుండెడిది. దీపము పెట్టుటకొక గూడు, పుస్తకములకొక గూడు, చేతికందు ఎత్తున పిల్లవాని గవ్వలకును గోళీలకును మరియొక గూడు. ఏడాదికొకసారి దింపు సామగ్రికి అటక. నేటి అద్దె యిండ్లలో అటక మిగిలినది, గూడు పోయినది. తలుపుపైన కాంక్రీటు పలక పోసి, సామాను అందులో పెట్టుకొమ్మందురు. అది తండ్రికే కుర్చీ యెక్కినగాని అందదు. అందుచేత పిల్లవాని వస్తువు లన్నియు పెద్దల చేతిమీదుగ రావలసినవై, పెద్దల చేతిమీదుగ పోవలసినవై కూర్చున్నవి. ఇల్లంతయు చిందరవందర యగుటకు మూలమిచ్చట నున్నది గాని పిల్లల అల్లరిలో లేదు.

దీనికి మారుగ చాలమంది చేయునది పెద్ద ప్లాస్టిక్ తొట్టి యొకటి కొని, సాయంకాలము కాగానే నేలమీది దంతయు అందులో కుమ్మరించుట. నిమిషములో గది అద్దమువలె నుండును. మరునాడుదయము పిల్లవానికి అడుగున నున్న బండి కావలెను. రెండున్నరేండ్లవానికి తెలిసిన ఉపాయ మొక్కటే: తొట్టిని బోర్లించుట. తొట్టి వస్తువును దాచునే గాని చూపదు. అక్కగారి పూసలు, రంగు పెన్సిళ్ళు, తమ్ముని చెక్క గుర్రము, బ్యాటరీ బొమ్మ అందులో ఒకటే రాశి.

అచ్చటనే అపాయమును కలదు. మూడేండ్లలోపు బిడ్డ చేతికందినది నోట పెట్టుకొనును. ఇంచుమించు మూడు సెంటీమీటర్ల వెడల్పుగల చిన్న గొట్టములో పూర్తిగ ఇమిడిపోవు వస్తువేదియు ఆ వయసువానికి తగదని బొమ్మల భద్రతను పరీక్షించువారు నిర్ణయించిరి. అక్క పూసలన్నియు అందులో ఇముడును. గుండీవంటి బిళ్ళ బ్యాటరీ మరియు క్రూరమైనది. గొంతులో నిలిచెనా, రెండు గంటలలోనే లోపలి గోడను కాల్చివేయగలదు. మ్రింగెనన్న అనుమానము కలిగినంతనే ఆసుపత్రికి పరుగెత్తవలెను గాని తెల్లవారువరకు చూచుట తగదు. 2021 జనవరి 1 నుండి మన దేశములో బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. ఆ గుర్తున్న పెద్దపిల్లల బొమ్మయైనను చిన్నవాని తొట్టిలో పడినచో ఆ గుర్తు వానిని కాపాడదు.

కనుక ఇద్దరు బిడ్డలకు ఒకే గది యైనప్పుడు, గదిని నడుమ గీత గీచి పంచుట కంటె గోడను ఎత్తునుబట్టి పంచుట మేలు. రెండడుగుల లోపు అరలు తమ్మునివి. నాలుగడుగులకు పైనున్న అర అక్కది. నడిమి అర ఇద్దరి కథల పుస్తకములకు. పూసలు, కత్తెర, సన్నని ముక్కలు గల ఆటలు బిగుతు మూత గల డబ్బాలలో పై అరలోనే యుండును. అక్క నేలమీద పూసలు గ్రుచ్చరాదు, బల్లమీదనే గ్రుచ్చవలెను. ఈ యొక్క నియమముపై మాత్రము తల్లి పట్టు విడువరాదు. అరల బీరువాను రెండు మేకులతో గోడకు బిగించుటయు విడువరానిదే. చిన్నవాడు అరలను మెట్లనుకొని ఎక్కును, బీరువా వానిపై ఒరుగును. ఇంటి యజమాని కాదన్నచో ఎత్తైన బీరువా మానుకొని పొట్టి పలకలతో సరిపెట్టుకొనుటయే క్షేమము.

ఒకదానిపై నొకటి యుండు జంట మంచములు కొన్నచో పదునెనిమిది అడుగుల నేల మిగులును గదా యని లెక్క తెలిసినవారు అడుగుదురు. మిగులును. కాని పై మంచము ఆరేండ్లు నిండనివారికి తగదు. నిండినవారికైనను చుట్టును కటకటా లుండవలెను. గది నడుమ పంకా తిరుగు ఇండ్లలో పై మంచమున లేచి కూర్చున్న పిల్ల చేతికి ఆ రెక్క ఎంత దూరమో కొలిచి చూచిన పిదప గాని డబ్బు చెల్లించరాదు.

పిల్లవాని ఎత్తునకు అర యుండవలెనను ఆలోచన గుజరాతు నేలకు చిరపరిచితము. 1907లో రోములో మారియా మాంటిస్సోరీ శిశుగృహము తెరచినప్పుడు అందలి అల్మరాలు పొట్టివిగ చేయించెను. ప్రతి శిశువునకు తన పేరు గల సొరుగొకటి ప్రత్యేకముగ నుండవలెనని ఆమె వ్రాసెను. ఆ పద్ధతిని గుజరాతీ బాలురకు తెచ్చినవాడు గిజుభాయి బధేకా. వకీలు వృత్తి మాని, 1920లో భావనగరములో దక్షిణామూర్తి బాలమందిరమును నెలకొల్పిన ఆయనను ‘మీసాల తల్లి’ యని ముద్దుగ పిలిచిరి. గది ఎంత పంచుకొన్నను, తనదని చెప్పుకొను సొరుగొకటి యున్న బిడ్డ తక్కిన వానిని పంచుటకు అంతగ వెనుదీయదు. అక్క సొరుగు తమ్ముడు లాగరాదు. తమ్ముని బుట్ట అక్క సర్దరాదు. తల్లియు అడుగక తీయరాదు. పిల్లలు నిద్రించువేళ పాత బొమ్మలను మాయము చేసి చెత్తబుట్ట పాలు చేయు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. మరునాడు అడిగినచో ‘ఏమో, నీవే పోగొట్టితివి’ అందురు. దానివలన గది ఖాళీ యగును గాని, ఆ బిడ్డ అటుపిమ్మట విరిగిన పెన్సిలు ముక్కను సైతము దిండు క్రింద దాచుకొనును.

బొమ్మలు తగ్గించుట అవసరమే. అయితే పారవేయుట యొకటి, మరుగు పరచుట యొకటి. ఈ రెండవ విద్య తెలుగింటివారికి పుట్టుకతో వచ్చినది. సంక్రాంతికి కొందరు, దసరాకు కొందరు బొమ్మల కొలువు తీర్చుదురు. బేసి సంఖ్యలో మెట్లు, మెట్టు మెట్టునకు వరుస, ఏ బొమ్మ ఎచ్చటనో ఇంటి ఆడపిల్లకు కంఠస్థము. పండుగ కాగానే ఒక్కొక్కదానిని పాతచీర ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టుదురు. మరుసటి యేట మూత తీయగనే ఆ పాత బొమ్మలకే పిల్లలు ఎగిరి గంతులు వేయుదురు. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన పరిశోధనలో 36 మంది పసివారిని ఒకసారి నాలుగు బొమ్మలతోను, మరియొకసారి పదునారు బొమ్మలతోను ఆడుకొననిచ్చిరి. నాలుగే యున్నప్పుడు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువ సేపును, ఎక్కువ విధములుగను ఆడిరట. కొలువు పెట్టె నెరిగిన అమ్మమ్మలకు ఇది వింత గాదు.

అందుచేత తమ్ముని అరలో ఆరేడు బొమ్మలు చాలును. తక్కినవి ట్రంకు పెట్టెలో మంచము క్రింద నుండును. పదునైదు దినముల కొకసారి మార్చవచ్చును. ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలు లక్కపూతవి, గట్టివి, చిన్నచేతికి తగినవి; ఎండలో మాత్రము మరువరాదు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసినది, తేలిక. చేతులు కాళ్ళు విడిగ చేసి అతికినవి. దానిని రాశిలో పడవేసినచో ఏనుగు దంతమైనను, అంబారీ యైనను ఊడక తప్పదు. అది పై అరలో ఉండి కనులకు విందు చేయవలసినదే.

అరలకును బుట్టలకును డబ్బు పోయనక్కరలేదు. సూరత్ చుట్టుప్రక్కల బట్టకేమి కరవు? మిగులు ముక్కలతో, మూతికి త్రాడు వేసి, ఆటకొక సంచి కుట్టవచ్చును. సంచికొక చీటీ: తమ్ముని కొరకు బండి బొమ్మ, దాని ప్రక్కన అక్క వ్రాసిన తెలుగు మాట. బడిలో తెలుగు లేని పిల్ల వారమున కొకసారి ‘గుర్రము’ అని కొమ్ము సరిగ వ్రాయుటకు ఇంతకంటె సులభమైన సాకు దొరకదు. చీరల అట్టపెట్టెలు చవుకయే గాని జూనునుండి సెప్టెంబరు వరకు ఇచ్చటి వానకు చెమ్మగిల్లి బొద్దింకలకు నెలవగును. ట్రంకు పెట్టెను ఇటుకలపై లేపి, వెలుపలి గోడకు జానెడు ఎడముగ నుంచవలెను. కలరా ఉండలు బొమ్మలలో వేయరాదు. మిఠాయి యనుకొని మ్రింగిన పసివారికి అవి విషము. ఎండిన వేపాకు చాలును.

ఇంత చేసినను రాత్రి సర్దుట పిల్లలకు అలవడుటకు నెల పట్టును. మొదటి దినములలో తల్లి ప్రక్కన కూర్చుండవలెను. ‘సర్దు’ అని వంటింటినుండి కేక వేసిన పని జరుగదు. ‘గుర్రమును దాని యింట పెట్టు’ అన్నచో రెండున్నరేండ్లవాడు పెట్టును. తండ్రి పెట్టినను దోషములేదు.

బదిలీ ఉత్తరువు వచ్చిననాడు ఈ యేర్పాటు సుఖము తెలియును. ట్రంకు పెట్టె ముందే సర్ది యున్నది, సంచులు చీటీలతో సహా అందులో దిగును, కొత్త ఊరిలో మొదటి రాత్రియే తమ్ముని బుట్ట తమ్మునికి దొరకును. ఊరు మారినను వాని అర మారదు.

ఊహించుకొన్న ఆ యింటిలో ఒక్క వస్తువునకు మాత్రము ఏ వరుసలోను చోటు కుదరలేదు. అది మూడు చక్రముల ప్లాస్టిక్ బండి. నాలుగవ చక్రము ఎన్నడో పోయినది. తండ్రి దానిని పారవేయుదమనును. అక్క బాగుచేయుద మనును. తమ్ముడు దానిని అరలో పెట్టనీయడు, సంచిలో వేయనీయడు. ప్రస్తుతము అది వాని దిండు ప్రక్కన నున్నది.